కలలో 'లాగా' ఉండదు

ఈమధ్య మన యువ రచయితల నుంచి వస్తున్న కవితల్లో ఒక కొత్త రకం కనిపిస్తోంది. అది సినిమా చూసి రాసిన కవిత. ఆ సినిమా ఊళ్లో హాలుకు వచ్చే పెద్ద హీరోది కాదు. హాస్టల్ గదిలో, సెల్‌ఫోన్‌లో, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చూసిన పరాయి దేశపు సినిమా. అందులో చనిపోయినవాళ్లు తిరిగి వస్తారు. చెట్లు మాట్లాడతాయి. కథ ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తేలదు. చూసిన పిల్లవాడికి రాత్రంతా నిద్ర పట్టదు. తెల్లవారగానే కాగితం తీస్తాడు.

ఇది సంతోషించవలసిన సంగతే. అయితే ఆ కవితల్ని వరసగా చదివితే రెండు తీర్లే ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, సినిమా కథనే చిన్న చిన్న పాదాలుగా విరిచి చెప్పడం. అది చదివాక సినిమా చూసినా సరిపోయేదనిపిస్తుంది. రెండోది, వింత బొమ్మలన్నీ ఒకచోట పోగుచెయ్యడం. నీలి మంట, కన్నీటి నిచ్చెన, రెక్కల గడియారం, ఎర్రకళ్ల నిశ్శబ్దం. అది చదివాక ఆ కల ఎవరిదో, ఏ ఊరిదో, ఎందుకు వచ్చిందో తెలియదు.

మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. కలలాంటి సినిమా నుంచి కవిత తీసుకోవలసింది అది చూసే తీరును. బొమ్మలు ఆ దేశానివి, వాటిని అక్కడే ఉండనిద్దాం. ఆ చూసే తీరు మన ఇళ్లలో ముందు నుంచీ ఉంది. దాన్ని బడి గడప దగ్గర మూఢనమ్మకం అని వదిలేసి లోపలికి వెళ్తున్నాం. అదే పరాయి తెర మీద కనిపిస్తే గొప్ప కళ అంటున్నాం. ఈ చిక్కు విప్పుకోనంత కాలం మన కవిత ఇంకొకరి కలకు నకలుగానే ఉంటుంది.

మేఘం, చందమామ, కత్తి

ఉపాధ్యాయ మిత్రులకు ఉపమాలంకారం పాఠం కొత్త కాదు. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. ఆమె ముఖం చందమామలాగా ఉంది అన్నప్పుడు ఆ 'లాగా' ఒక గట్టు. ముఖం ఇటు, చందమామ అటు. రెండూ వేరని మనకు తెలుసు. చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ గట్టు మీద నిలబడి రెండింటినీ పోల్చి చూస్తాం.

ఇప్పుడు 1929 నాటి ఒక చిన్న ఫ్రెంచి మూకీ సినిమా చూద్దాం. పేరు 'అన్ షియెన్ ఆందలూ', అంటే ఆండలూసియా కుక్క. తీసినవాడు లూయీ బున్యుయెల్, కలిసి రాసినవాడు చిత్రకారుడు సాల్వదోర్ దాలీ. ఇద్దరూ స్పెయిన్ దేశస్థులు. ఒకరికొకరు తమ కలలు చెప్పుకోవడంతో ఆ సినిమా పుట్టింది. పలచటి మేఘం చందమామను కోసుకుంటూ పోవడం, కత్తి కంటిని కోయడం బున్యుయెల్ కల. అరచేతిలో చీమలు పాకడం దాలీ కల. ఈ రెండు కలల నుంచి సినిమా మొదలుపెట్టారు.

తెర మీద ఏం జరుగుతుందో చూడండి. ఒక మనిషి గడ్డం గీసుకునే కత్తిని నూరి, బాల్కనీలోకి వచ్చి, చందమామ వైపు చూస్తాడు. సన్నటి మేఘం చందమామ మీదుగా వెళ్తుంది. వెంటనే, తర్వాతి షాట్‌లో, కత్తి కంటి మీదుగా వెళ్తుంది. (చిత్రీకరణకు వాడింది చచ్చిన దూడ కన్ను.) ఈ రెండు షాట్ల మధ్య 'లాగా' అనే మాట ఎక్కడుంది? ఎక్కడా లేదు. కెమెరాకు ఆ మాట పలకడం రాదు. అది మేఘాన్ని చూపించగలదు, కత్తిని చూపించగలదు. ఒకదాని పక్కన ఒకటి పెట్టగలదు. మధ్యలో గట్టు లేకపోవడం వల్లనే చూసేవాడు ఉలిక్కిపడతాడు. పోల్చుకునే తీరిక దొరకదు.

కలలో కూడా ఇంతే. కలలో మనకు పులిలాంటి మనిషి కనిపించడు. పులి కనిపిస్తుంది, అది మామయ్య అని మనకు తెలుసు. కల నడిచినంతసేపూ అందులో మనకు అనుమానం రాదు. 'లాగా' అనేది మెలకువ వచ్చాక మనం కలిపే మాట.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. మన పొడుపు కథల్లో 'లాగా' ఉండదు. ఒక వస్తువు పేరు దాచి, ఇంకొక వస్తువును నేరుగా ముందు పెట్టి, విప్పమంటారు. అవ్వలు పిల్లలకు పొడుపు కథ వేసినప్పుడు ఆ పిల్లలు చేస్తున్న పని, చీకటి హాల్లో ప్రేక్షకుడు చేసే పని ఒకటే. గట్టు లేని చోట దారి వెతుక్కోవడం.

బున్యుయెల్, దాలీ ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. తర్కంతో వివరించడానికి వీలున్న బొమ్మ ఏది తట్టినా తీసెయ్యాలి. ఆ నియమం వెనక వాళ్ల కోపం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి యూరపులో, పెద్దమనుషుల మర్యాదల మీద, చర్చి మీద, తర్కం మీద వచ్చిన కోపం అది. దాన్ని గౌరవిద్దాం. కాని ఆ నియమాన్ని మనం అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన ఊళ్లలో కలకు కారణం ఉంటుంది. కలలో వచ్చినవాళ్లు ఊరికే రారు. ఏదో అడగడానికో, ఏదో గుర్తుచెయ్యడానికో వస్తారు. పరాయి నియమం ప్రకారం కారణాన్ని కోసేస్తే మిగిలేది ఇందాక చెప్పుకున్న రెక్కల గడియారమే. వాళ్ల దగ్గర కట్ నేర్చుకుందాం. కోపం ఎవరి మీదో మనమే నిర్ణయించుకుందాం.

అన్నాల దగ్గరికి వచ్చినవాళ్లు

ఇప్పుడు మనకు ఇంకా దగ్గరి సినిమా. థాయ్‌లాండ్ దర్శకుడు అపిచాట్‌పాంగ్ వీరసెతకుల్ 2010లో తీసిన 'అంకుల్ బూన్‌మీ హూ కెన్ రికాల్ హిజ్ పాస్ట్ లైవ్స్'. గత జన్మలు గుర్తున్న బూన్‌మీ అనే పెద్దాయన కథ. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్ దీనికే వచ్చింది. కథ జరిగేది థాయ్‌లాండ్ ఈశాన్యాన ఉన్న ఈసాన్ ప్రాంతంలో, లావోస్ సరిహద్దు వైపు. బూన్‌మీ తోటలో చింతచెట్లున్నాయి, తేనెపట్లున్నాయి. చింతపండూ తేనే జీసీసీకి తూచి అమ్మే మనకు ఆ తోట పరాయిది అనిపించదు.

బూన్‌మీకి మూత్రపిండాల జబ్బు. ఇంట్లోనే డయాలిసిస్ చేయించుకుంటుంటాడు. ఒక రాత్రి వరండాలో భోజనాల బల్ల దగ్గర అతను, భార్య తోబుట్టువు జెన్, బంధువుల కుర్రాడు టాంగ్ కూర్చుని ఉంటారు. ఖాళీ కుర్చీలో ఎప్పుడో చనిపోయిన బూన్‌మీ భార్య హువాయ్ మెల్లగా కనిపిస్తుంది. మొదట పలచగా, తర్వాత పూర్తిగా. కాసేపటికి మెట్ల మీదుగా, ఒంటి నిండా నల్లటి బొచ్చుతో, ఎర్రగా మెరిసే కళ్లతో ఒక ఆకారం పైకి వస్తుంది. అతను చాలా ఏళ్ల కిందట తప్పిపోయిన కొడుకు బూన్‌సాంగ్. కోతి దయ్యమై అడవిలో ఉంటున్నాడు.

ఈ దృశ్యాన్ని భయానక సినిమా తీసేవాళ్లయితే ఎలా తీసేవాళ్లో మనకు తెలుసు. ఇక్కడ క్షణకాలం ఉలిక్కిపడ్డాక మాటలు మొదలవుతాయి. జుట్టు ఇంత ఎందుకు పెంచావని కొడుకును అడుగుతారు. హువాయ్‌కి ఆమె అంత్యక్రియల ఫొటోల ఆల్బం చూపిస్తారు. అంతే. కెమెరా దూకదు, సంగీతం అరవదు.

ఈ దృశ్యం చూసి ఒక కవిత రాశాం అనుకుందాం. మొదట చేతికి వచ్చేది ఇలా ఉంటుంది:

రాలిన నక్షత్రంలా, తెల్లని పొగలా
మరిచిన పాటలా ఆమె వచ్చింది
కాలం ఒక్కసారి ఆగిపోయింది
మృత్యువు సిగ్గుతో తలవంచింది

నాలుగు పాదాల్లో మూడు ఉపమలు, ఒక మృత్యువు. అందంగా లేదని అనలేం. కాని సినిమాలో ఉన్నదేదీ ఇందులో లేదు. సినిమాలో కాలం ఆగలేదు, భోజనం ఆగలేదు. మృత్యువు తలవంచలేదు, బల్ల దగ్గర కూర్చుంది. పైగా ఇందులో మన ఇల్లు కూడా లేదు. ఆ వచ్చినామె ఎవరో చెప్పడానికి ఒక్క గుర్తూ లేదు. ఇప్పుడు ఇంకోలా రాద్దాం:

అన్నాలు పెట్టేవేళ అవ్వ వచ్చింది.
పోయి పదకొండేళ్లు.
అమ్మ జరిగి చోటిచ్చింది.
అవ్వ తన కంచు గిన్నె వెతుక్కుంది.
అది ఫీజు కట్టిన ఏడు అమ్మేశాం.
ఎవరూ చెప్పలేదు.
అమ్మ దొప్ప కుట్టి అన్నం పెట్టింది.

ఇది గొప్ప కవిత అని మేము అనడం లేదు. కాని ఇది ఒక ఇంట్లో జరుగుతోంది. 'లాగా' ఒక్కటీ లేదు. ఎర్రకళ్లూ, కోతి దయ్యం, వరండా, థాయ్‌లాండ్, ఏవీ లేవు. అయినా ఆ భోజనాల బల్ల దగ్గర నుంచి వచ్చిన నిబ్బరం ఉంది. వచ్చినామెకు చోటివ్వడం మొదట, ఆశ్చర్యపోవడం తర్వాత. ఇక గిన్నె. సినిమాలో ఆల్బం చేసిన పనినే ఇక్కడ గిన్నె చేస్తుంది. చనిపోయినవాళ్లు వెళ్లాక ఇంట్లో ఏం జరిగిందో వాళ్లకు తెలియాలి కదా. ఆ చెప్పలేకపోవడమే కవిత.

కొత్తల పండుగకు కొత్త పంట ముందు పెద్దలకు పెట్టి, తర్వాత మనం తినే ఊళ్లలో పుట్టినవాళ్లకు ఈ నిబ్బరం నేర్పక్కర్లేదు. పెద్దలకు పెట్టడం అంటే వాళ్లు వస్తారనే కదా. పోలిక కోసం ఎవరూ విస్తరి వెయ్యరు.

కల కింద ఉన్న నేల

'అంకుల్ బూన్‌మీ' గురించి రాసినవాళ్లు చాలామంది కోతి దయ్యాన్నీ, జలపాతం దగ్గర చేపతో మాట్లాడిన రాకుమారినీ గుర్తుపెట్టుకుంటారు. ఇంకో సంగతి తక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. తనకు ఈ జబ్బు ఎందుకు వచ్చిందో బూన్‌మీ చెప్పుకుంటాడు. తాను చాలామంది కమ్యూనిస్టుల్ని చంపాడు, తోటలో పురుగుల్నీ చంపాడు, ఆ కర్మ ఇది అంటాడు.

ఈ మాట గాలిలోంచి రాలేదు. ఈసాన్‌లోని నాబువా అనే పల్లెలో 1965 ఆగస్టు 7న ప్రభుత్వ బలగాలకూ, కమ్యూనిస్టు రైతులకూ మధ్య కాల్పులు జరిగాయి. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఆ పల్లె సైన్యం నీడలో బతికింది. మగవాళ్లు అడవిలోకి పారిపోయారు. దర్శకుడు నాబువా కుర్రాళ్లతో కొంతకాలం గడిపి 'ప్రిమిటివ్' అనే పేరుతో కొన్ని దృశ్య రచనలు చేశాడు. ఈ సినిమా ఆ పనిలో భాగం. అడవిలోకి వెళ్లి ఎర్రకళ్లతో తిరిగొచ్చిన కొడుకును ఇప్పుడు మళ్లీ చూడండి. సినిమా చివరికొచ్చేసరికి బూన్‌మీ ఒక కల చెబుతాడు. అప్పుడు కదలని ఫొటోలు వరసగా వస్తాయి. వాటిలో సైనిక దుస్తుల్లో ఉన్న కుర్రాళ్లు, పట్టుబడ్డ కోతి దయ్యం. ఎవరు ఎవరిని పట్టుకున్నారో సినిమా నోరు విప్పి చెప్పదు.

గట్టిగా చెప్పనివ్వని చరిత్ర కలలోకి వెళ్లి కూర్చుంటుంది. అందువల్ల ఆ కలను తప్పించుకుపోయే దారి అనుకోవడం పొరపాటు. అది దాచిపెట్టుకునే చోటు. ఆ సినిమా నుంచి ఎర్రకళ్లు మాత్రం తీసుకుని, సైనికుల్ని వదిలేసిన కవిత సగం కవితే.

మనకూ ఇలాంటి తేదీలున్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. తర్వాత చాలా ఏళ్ల పాటు ఆ రోజున స్తూపం దగ్గరికి వెళ్లడానికి కూడా ఆంక్షలుండేవి. ఏడవడానికి చోటివ్వని దుఃఖం ఎక్కడికి పోతుంది? కలలోకి పోతుంది. ఆ రోజు వెళ్లి తిరిగిరాని మనిషి ఏటా అదే తేదీకి గుమ్మంలో నిలబడతాడు. అది రాయడానికి మనకు థాయ్‌లాండ్ కోతి అక్కర్లేదు. ధైర్యం మాత్రం ఆ దర్శకుడి దగ్గర నేర్చుకోవచ్చు. అతను ఆ మాటను నినాదంగా అనలేదు. జబ్బుపడ్డ ముసలాయన నోట, మామూలు కబుర్ల మధ్యలో అనిపించాడు.

తోటను ఎక్కడ కొంటాం

జపాన్ దర్శకుడు అకిరా కురసావా 1990లో, ఎనభయ్యో ఏట, 'డ్రీమ్స్' అనే సినిమా తీశాడు. అందులో ఎనిమిది కలలు. బడిలో చూపించడానికి ఇంతకన్నా అనువైన సినిమా దొరకడం కష్టం. మొదటి కల చూడగానే మన పిల్లలు నవ్వుతారు. ఎండ కాస్తూ వాన పడుతుంది. ఇలాంటప్పుడు నక్కల పెళ్లి జరుగుతుంది, చూడకూడదు, ఇంట్లో ఉండు అంటుంది తల్లి. కొడుకు వినడు, అడవిలోకి వెళ్తాడు. చెట్టు చాటు నుంచి నక్కల పెళ్లి ఊరేగింపు చూస్తాడు. ఎండా వానా కలిసొస్తే నక్క పెళ్లి అని మన దగ్గరా పిల్లలు అరుస్తారు. జపాన్‌కూ మనకూ మధ్య ఆ మాట ఎలా నడిచిందో గాని, రెండు చోట్లా నడిచింది.

మనం ఆగవలసింది రెండో కల దగ్గర. జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల బొమ్మల పండుగ. అది పీచ్ పూల కాలపు పండుగ కూడా. ఒక ఇంట్లో అక్క బొమ్మల కొలువు పెట్టుకుంది. తమ్ముడికి ఇంకెవరికీ కనిపించని ఒక అమ్మాయి కనిపిస్తుంది. ఆమె వెంట పరిగెత్తుకుంటూ ఇంటి వెనక మిట్టకు వెళ్తాడు. ఒకప్పుడు అక్కడ పీచ్ తోట ఉండేది. వాళ్ల ఇంటివాళ్లే నరికించేశారు. ఇప్పుడు మెట్లు మెట్లుగా ఉన్న ఆ మిట్ట మీద కొలువు బొమ్మలు మనుషులంత ఎత్తున నిలబడి ఉంటాయి. మేం ఆ చెట్ల ఆత్మలం, చెట్లు లేకుండా మీకు బొమ్మల పండుగ ఎక్కడిది అని నిలదీస్తాయి. పిల్లవాడు ఏడుస్తాడు. పండ్ల కోసం ఏడుస్తున్నాడులే అని ఒకరంటే, పండ్లయితే కొనుక్కోవచ్చు, పూసిన తోటను ఎక్కడ కొంటాం అంటాడు వాడు. చెట్లు కొట్టేసినప్పుడు ఏడ్చింది వీడొక్కడేనని వాళ్లకు గుర్తొస్తుంది. వాడి కోసం నాట్యం చేస్తారు. పూలు రాలతాయి, తోటంతా ఒక్కసారి విరబూస్తుంది. మరుక్షణం అన్నీ మొద్దులే. ఒక్క చిన్న మొక్క మాత్రం పూసి ఉంటుంది.

దీన్ని కవిత చెయ్యమంటే పీచ్ తీసేసి ఇప్ప పెట్టేస్తే అయిపోదు. పేరు మార్చడం అనుసరణ కాదు. ముందు సినిమాలో ఏది దేనికి కట్టి ఉందో చూడాలి. అక్కడ చెట్టు పండుగకు కట్టి ఉంది. చెట్టు పోతే పండుగ ఉత్త బొమ్మలే. మరి మన దగ్గర ఇప్ప దేనికి కట్టి ఉంది? తెల్లవారుజామున పూలేరడానికి వెళ్లే ఆడవాళ్ల మాటలకు కట్టి ఉంది. ఎండబెట్టి దాచుకున్న పూలతో గడిచే నెలలకు కట్టి ఉంది. దేవుడి ముందు పోసే సారాకు కట్టి ఉంది. ఈ ముడుల్లో ఏదో ఒకదాన్ని పట్టుకున్నాకే కవిత కదులుతుంది:

ఇప్పచెట్టు లేని చోట
అక్క తెల్లవారుజామున బుట్ట దించింది.
రాలే చప్పుడు విన్నాం.
బుట్ట నిండింది.
ఎండ వచ్చాక చూస్తే
బుట్టలో రంపపు పొట్టు.

ఇందులో చెట్టును ఎవరు కొట్టారో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉన్న కవితలూ ఉంటాయి, అక్కడ చెప్పాలి. ఇక్కడ పొట్టు చెబుతోంది. అడవి గురించి మనం రాసే కవితల్లో తల్లి, కన్నీరు, గొడ్డలి అనే మూడు మాటలు తరచుగా వస్తున్నాయి. అవి అబద్ధం కావు. కాని వాటిని విన్నవాళ్లు తల ఊపి మరిచిపోతున్నారు. రంపపు పొట్టు నిండిన బుట్టను మరిచిపోవడం కష్టం.

కవిత పక్కన నిలబడాలి

సినిమాకూ కవితకూ మధ్య మర్యాద ఎలా ఉండాలో రష్యన్ దర్శకుడు ఆంద్రే తార్కొవ్‌స్కీ 'మిర్రర్' సినిమా (1975) చూపిస్తుంది. అతని తండ్రి అర్సేనీ తార్కొవ్‌స్కీ కవి. ఆ సినిమాలో తండ్రి తన కవితల్ని తన గొంతుతోనే చదువుతాడు. తెర మీద ఉన్నదాన్ని కవిత వర్ణించదు. కవితలో ఉన్నదాన్ని తెర బొమ్మ గీసి చూపించదు. రెండూ ఒకే దుఃఖం పక్కన, ఎవరి చోట వాళ్లు నిలబడతాయి.

ఆ సినిమా కోసం దర్శకుడు తన చిన్ననాటి ఇంటిని పాత ఫొటోలు చూసి అదే చోట మళ్లీ కట్టించాడు. ఇంటి ముందు అప్పట్లో బక్‌వీట్ అనే ధాన్యం పండేది. దాని తెల్లటి పూల చేను అతని జ్ఞాపకంలో ఉంది. షూటింగుకు వెళ్లేసరికి ఆ చేలో వేరే పంట ఉంది. ఈ నేలలో బక్‌వీట్ రాదని అక్కడి రైతులు చెప్పారు. అయినా చేను కౌలుకు తీసుకుని చల్లించాడు. అది మొలిచింది, పూసింది.

సినిమా చూసి కవిత రాసేవాళ్లందరికీ ఇందులో పాఠం ఉంది. జ్ఞాపకంలోని పూల కోసం అతను వేరే దేశపు చేను అద్దెకు తెచ్చుకోలేదు, అదే నేలలో విత్తనం వేశాడు. కవి కూడా తన నేలలోనే చల్లుకోవాలి. మీ కవిత చదవడానికి సినిమా తెలిసి ఉండాలంటే ఆ కవిత ఇంకా కౌలు చేనే.

మన కలల మాట

ఇక అసలు సంగతి. కల నుంచి రాయడం మనకు సినిమా నేర్పిన విద్య కాదు. వెరియర్ ఎల్విన్ 1955లో ఒరిస్సా కొండల సవరల మతం గురించి రాసిన పెద్ద పుస్తకంలో వాళ్ల గోడ బొమ్మల సంగతి వివరంగా ఉంది. ఇంట్లో జబ్బు చేసినా, పోయినవాళ్లు అడిగినా గోడ మీద బొమ్మ వేసేవారు. ఏం వెయ్యాలో చాలాసార్లు కలలో తెలిసేది. కలను చూడటం, దాన్ని గోడ మీదికి దించడం, అది సరిపోయిందా అని అడగడం. అనుసరణ అనే పనిలో ఉన్న మూడు మెట్లూ అందులో ఉన్నాయి.

1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశాడు. ఆ అక్షరాలు దర్శనంలో కనిపించాయని ఆ లిపిని కొలిచే సవరలు చెబుతారు. తెలుగులో కవి అజంతా తన పుస్తకానికి 'స్వప్నలిపి' అని పేరు పెట్టుకున్నాడు, దానికి 1997లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అతనికి అది అందమైన రూపకం. సవరలకు స్వప్నలిపి అంటే పలక మీద దిద్దుకునే అక్షరాలు.

ఇలా అన్నామని కల చెప్పినదంతా నిజమని మేము వాదించడం లేదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మన ఏజెన్సీ ఊళ్లలో జరిగాయి. అక్కడ కవిత్వం మాట్లాడటం పాపం. జ్వరం వస్తే ఆస్పత్రికే వెళ్లాలి. బూన్‌మీని చూడండి. చనిపోయిన భార్య పక్కనే ఉంది, డయాలిసిస్ గొట్టమూ కడుపుకే ఉంది. ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఇంట్లోంచి పంపెయ్యలేదు. రెండూ ఒకే చోట ఇమిడిన ఇల్లు అది. పిల్లవాడు కల చెప్పగానే మూఢనమ్మకం అని నోరు మూయించే బదులు, టీచరు చెయ్యగలిగింది ఇంకోటి ఉంది. మందు మందే, కల కలే, రెండోదాన్ని రాయి అనడం.

భాష గురించి కూడా ఒక మాట. మనలో చాలామందికి తెలుగు రెండో భాష. కల గోండిలోనో, కోయలోనో, కువిలోనో, సవరలోనో, గోర్‌బోలిలోనో వస్తుంది. తెలుగులోకి తెచ్చేసరికి దానికి 'లాగా'లు తగులుకుంటాయి. 'తాత వచ్చినట్టు అనిపించింది' అని రాస్తాం. ఇంట్లో అమ్మ చెప్పేది అలా కాదు. 'రాత్రి మీ తాత వచ్చాడు, పొగాకు అడిగాడు' అంటుంది. ఆ 'నట్టు', ఆ 'అనిపించింది' ఎవరి కోసం చేర్చాం? నవ్వుతారేమోనని భయపడిన ఎవరి కోసమో. వాటిని తీసెయ్యండి. 'అట' మాత్రం ఉంచుకోవచ్చు. 'తాత వచ్చాడట' అన్నప్పుడు అనుమానం ఉండదు, చెప్పినవాళ్లు వెనక నిలబడి ఉంటారు. 'లాగా' కలను దూరం జరుపుతుంది, 'అట' ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి అందిస్తుంది.

తరగతిలో చెయ్యదగ్గది

ఉపాధ్యాయ మిత్రులు ఒక పీరియడ్ దీనికి ఇవ్వగలిగితే, కురసావా పీచ్ తోట కల చాలు. ముందు శబ్దం లేకుండా చూపించండి. ఫోన్లు పక్కన పెట్టించండి. చూసినవాటిలో ఐదు మాత్రమే, క్రియతో సహా, రాయమనండి. వచ్చింది, ఏడ్చాడు, పూసింది, ఇలా. విశేషణాలు వద్దు, 'లాగా' వద్దు. తర్వాత ఆ ఐదింటినీ పక్కన పెట్టి, ఊళ్లో ఇప్పుడు లేని ఒక చెట్టు, ఒక వాగు, ఒక మనిషి గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి. ఇంటి భాషలోనే రాసుకు రమ్మనండి. మర్నాడు ఆ మాటలతోనే, ఆ క్రియల వరసలో కవిత రాయించండి. తెలుగులోకి తర్వాత తెచ్చుకోవచ్చు. తేలేని మాటను అలాగే ఉంచొచ్చు.

కవిత పూర్తయ్యాక దాన్ని సినిమా చూడనివాళ్లకు వినిపించండి. వాళ్లు సినిమా పేరు అడగకుండా, తర్వాత ఏమైంది అని అడిగితే కవిత నిలబడ్డట్టే. అయినా కింద సినిమా పేరూ దర్శకుడి పేరూ రాయించండి. ఒకరి దగ్గర నిప్పు తెచ్చుకుని పొయ్యి వెలిగించుకున్నప్పుడు ఎవరింటి నుంచి తెచ్చామో చెప్పడం మన మర్యాద.

మన అవ్వలు, తాతలు ఇంకా కలలు చెబుతున్నారు. పొద్దున్నే పొయ్యి దగ్గర, ఎవరూ అడగకుండానే. వాళ్ల తర్వాత ఆ చెప్పే తీరు ఉండదు. ఫోన్‌లో ఉన్న సినిమా వచ్చే ఏడూ ఉంటుంది, ఎప్పుడైనా చూడొచ్చు. ముందు వెళ్లి ఆ పొయ్యి దగ్గర కూర్చోండి. రాత్రి ఎవరొచ్చారో, ఏమడిగారో వినండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, 'లాగా' చేర్చకుండా రాసుకోండి.